తిరుగుబాటు పాటకు వంత ఎవరు పాడాలి? (హనుమకొండ పాటల నాటకం గురించి చర్చ)

రంగస్థలి, హనుమకొండ:

అందరికీ నమస్కారం. మా బృందం సర్వాయి పాపన్న కథను పాటల నాటకంగా తయారుచేస్తోంది. గంటన్నర నిడివి. మాటలు తక్కువ, పాటలు ఎక్కువ. నటించేవారంతా డిగ్రీ, పీజీ విద్యార్థులు. సంక్రాంతి దాటాక హనుమకొండలోనే ప్రదర్శన.

కథ మన ప్రాంతం వారికి కొత్త కాదు. ఖిలాషాపురం కోట ఇప్పుడు జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలో ఉంది. గీత కులంలో పుట్టిన మనిషి, మొగలుల పట్టు సడలుతున్న రోజుల్లో దండు కట్టి, 1708లో వరంగల్ మీద పడ్డాడు. 1710లో మొగలు సేనల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. చరిత్ర అక్కడ ఆగింది కానీ పాట ఆగలేదు. శారద వాద్యం మీటుతూ కథ పాడే శారదకథ వాళ్లు ఈనాటికీ పాడుతున్నారు.

ఇప్పుడు వచ్చిన చిక్కు పాటల గురించే. పిల్లలు ‘లే మిజరాబ్ల’ సినిమా చూసి వచ్చారు. అందులో జనమంతా కలిసి పాడే పాట లాంటిది మనకూ ఒకటి కావాలనీ, దాన్ని ముగింపులో పెట్టాలనీ పట్టుబడుతున్నారు. పాట కావాలనే నేనూ అంటున్నాను, కానీ ముగింపులో పెట్టడానికి నా మనసు ఒప్పడం లేదు. నాయకుడు చనిపోయాక అందరూ వరుసగా నిలబడి గొంతెత్తితే ప్రేక్షకుడికి అది సభ ముగింపు గీతంలా అనిపిస్తుందని నా భయం. తిరుగుబాటు పాట నాటకంలో ఎక్కడ రావాలి? ఎవరి నోట రావాలి? కథలోంచి తీసేస్తే అది నిలబడుతుందా? ఇక్కడ పాటగాళ్లూ నాటకాల వాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మానేరు గాలి, కరీంనగర్:

మంచి ప్రశ్న అన్నా. ముందు ఆ సినిమాకు మూలమైన ఫ్రెంచి పాటల నాటకం సంగతే చూద్దాం, ఎందుకంటే మీ పిల్లలు అడుగుతున్న పాటకు సమాధానం అందులోనే ఉంది.

అది 1789 నాటి మహా విప్లవం కథ కాదు. 1832 జూన్‌లో పారిస్‌లో జరిగిన ఒక చిన్న తిరుగుబాటు. జనరల్ లామార్క్ అంత్యక్రియల రోజున మొదలై మర్నాటికల్లా నెత్తుటి మడుగులో అణగిపోయింది. విక్టర్ హ్యూగో దాన్ని 1862 నాటి తన నవలలోకి తీసుకున్నాడు. షోన్‌బర్గ్ సంగీతంతో, బూబ్లిల్ మాటలతో 1980లో పారిస్‌లో రంగస్థలం ఎక్కింది. ఇంగ్లీషులో 1985లో లండన్‌లో మొదలైంది.

అంటే ఓడిపోయినవాళ్ల గురించి రాసిన పాట అది. రంగస్థలం మీద అది మొదటి అంకంలోనే వస్తుంది. పేదల పక్షాన మాట్లాడే జనరల్ చనిపోయాడని కబురు వస్తుంది. సారాకొట్టులో కూర్చున్న విద్యార్థుల్లో నాయకుడు ఆంజోల్రా పాట ఎత్తుకుంటాడు. ఇంకొకరు చరణం అందుకుంటారు, మిగతావారు చేరతారు. ఆ క్షణంలో వాళ్లకు గెలుస్తామనే నమ్మకం ఉంది. తర్వాత వీధికి అడ్డుగోడ కడతారు, జనం రారు, ఒక్కొక్కరూ చనిపోతారు. తూటాలు ఏరుకొస్తూ గావ్రోష్ అనే చిన్న పిల్లాడూ చనిపోతాడు. చివర్లో చనిపోయినవాళ్లంతా వచ్చి అదే వరుసను మళ్లీ పాడతారు. వరుస అదే గానీ మాటలు మారతాయి. యుద్ధానికి రమ్మనే పిలుపు పోయి, కత్తులు పక్కన పెట్టే రోజు గురించిన ఆశ వస్తుంది.

మీ పిల్లలకు గుర్తున్నది ఆ ముగింపు. దానికి బలం ఇచ్చింది మొదటి అంకం. ముందు ఒకసారి వినని పాట చివర్లో ఎంత గట్టిగా పాడినా గుండెను తాకదు.

కాజీపేట జంక్షన్:

సినిమాలో ఆ పాట శవయాత్రలో వస్తుంది కదా? జెండాలతో బండి వెంట నడుస్తూ పాడతారు.

మానేరు గాలి, కరీంనగర్:

అవును. 2012 సినిమాలో దర్శకుడు దాన్ని అంత్యక్రియలకు జరిపాడు. రంగస్థలం మీద అంతకంటే ముందే వస్తుంది. సినిమాకు వీధి ఉంది, గుర్రాలున్నాయి, వేలమంది ఉన్నారు, కాబట్టి అక్కడ అది సరిపోయింది. నాటకంలో పది పన్నెండు మందే ఉంటారు. వాళ్లు గదిలో పాడుతున్నప్పుడు, బయట ఇంకా ఎంతమంది ఉన్నారో అని మన ఊహ పరుగెత్తుతుంది. హనుమకొండ ప్రదర్శనకు రంగస్థలం పద్ధతే మేలు.

డోలుదెబ్బ, జనగామ:

మా ఇంట్లో నాన్న, పెదనాన్న ఒగ్గు కథ చెబుతారు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గర, తర్వాత కొమురవెల్లి జాతరలో పట్నాలనే ముగ్గులు వేసే దగ్గర వాళ్ల డోలు వింటూ పెరిగాను. పారిస్ పాట మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ జనం కలిసి పాడటం ఎలాగో నేర్చుకోవడానికి అంత దూరం వెళ్లక్కర్లేదు.

ఒగ్గు కథలో ప్రధాన కథకుడు ఒక మాట విడుస్తాడు. వంత దాన్ని అందుకుంటుంది. కొన్నిసార్లు ఒప్పుకుంటుంది, కొన్నిసార్లు ‘అట్లెట్ల అయితది’ అని నిలదీస్తుంది, కొన్నిసార్లు కథకుడు చెప్పలేని మాట తనే అనేస్తుంది. అలా ప్రశ్నించే హక్కు వంతకు మొదటినుంచీ ఉంది. కథకుడు ఒక నిమిషం దేవుడు, మరో నిమిషం దేవుడి తల్లి, ఇంకో నిమిషం గొర్రెల కాపరి అవుతాడు. వంత మాత్రం ఎప్పుడూ జనమే. చుక్క సత్తయ్య గారిది మా వైపే, లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం. ఆయన కథ విన్నవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. ఆయన ఒక్క చూపుతో వంతను పైకి లేపేవాడు, ఇంకో చూపుతో ఆపేసేవాడు. జనం చూపు కథకుడి మీద ఎంతసేపు ఉండేదో, డోలు వాయించేవాళ్ల మీదా అంతసేపూ ఉండేది.

అందుకే నా సలహా ఇది. మీ నాటకంలో తిరుగుబాటు పాటను పాపన్న ఎత్తుకోవద్దు. వంత ఎత్తుకోవాలి. పన్ను కట్టలేని రైతు, కల్లు కుండ లాక్కోబడ్డ గీతకార్మికుడు, వెట్టికి పోయి వచ్చిన ఆడమనిషి ఒక్కొక్క పాదం అనాలి. పాపన్న విని, చివర్లో చేరాలి. నాయకుడు పాటను పుట్టించినట్టు చూపిస్తే జనం అతని వెనక నడిచే గుంపుగా మిగిలిపోతారు. శారదకథ వాళ్లు పాడే తీరులో, కులవృత్తి చేసుకుంటూ ఉండలేను, గోల్కొండను కొడతానని పాపన్న తల్లి సర్వమ్మతో వాదించే ఘట్టం ఉంది. అది మాత్రం అతనిదే. అక్కడ ఒక్కడినే పాడనివ్వండి.

జగిత్యాల తెలుగు సార్:

డోలుదెబ్బ తమ్ముడు చెప్పిన వంత మాటకు ఇంకొంచెం చేర్చాలి. ఉద్యోగ విరమణ చేశాను కాబట్టి రాసుకునే తీరిక ఉంది, కాస్త పొడవైనా ఓపికగా చదవండి.

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ తంబుర పట్టి, బొటనవేలికి అందె తొడుక్కున్న కథకుడు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. అందులో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. ఈ రాజకీయ వంత పని ఏమిటంటే, కథ బొబ్బిలిలో జరుగుతున్నా పలనాడులో జరుగుతున్నా, దాన్ని నేటి ఊరికి, నేటి దొరకు, నేటి ధరలకు తీసుకొచ్చి కట్టడం. కథను మధ్యలో ఆపి మాట్లాడే అధికారం ఆ కళారూపంలోనే ఉంది. అందుకే ఉద్యమానికి అది అంత బాగా పనికొచ్చింది. షేక్ నాజర్ గొంతులో అల్లూరి సీతారామరాజు కథ విన్నవాడికి తెల్లదొర ఒక్కడే కళ్ల ముందు నిలబడేవాడు కాదు, తన ఊరి దొర కూడా నిలబడేవాడు.

1943లో అఖిల భారత ప్రజానాట్య సంఘం ఏర్పడింది. తెలుగు నేలమీద ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి భాగోతాన్ని, గొల్ల సుద్దులను చేతిలోకి తీసుకుంది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ‘మా భూమి’ నాటకం రాశారు. తెలంగాణ రైతుల పోరాటమే దాని వస్తువు. నిజాం రాజ్యంలో జరుగుతున్న పోరాటం గురించి ఆంధ్ర జిల్లాల పల్లెల్లో జనం గుమిగూడి చూశారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నాటకాలను నిషేధించడానికి తెల్లవాళ్లు 1876లోనే చట్టం చేసి పెట్టారు. దాన్ని వాడుకోవడం తర్వాతి పాలకులకు తేలికైంది.

ఇటువైపు సుద్దాల హనుమంతు గారు గొల్ల సుద్దుల రూపాన్ని తీసుకుని పోరాట కథ చెప్పారు. ఆయన రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటను ఒక్కసారి నాటక రచయిత కంటితో చూడండి. అది నినాదం కాదు. పశువులు కాసే పసివాడిని నిలబెట్టి అడిగే ప్రశ్నలు. జీతం సంగతి, చదువు సంగతి, అమ్మ సంగతి. ఆ పిల్లాడు ఒక్క జవాబూ చెప్పడు. చెప్పకపోవడంలోనే మొత్తం వెట్టి వ్యవస్థ కనిపిస్తుంది. మానేరు గాలి గారు చెప్పిన గావ్రోష్ తూటాలు ఏరే పిల్లాడు, తిరుగుబాటు ఏమిటో అతనికి తెలుసు. మన పిల్లగాడికి ఇంకా తెలియదు. పాట వింటున్న మనకు తెలుస్తుంది. రెండింటిలో ఏది ఎక్కువ కోపం పుట్టిస్తుందని నన్ను అడిగితే, నేను తెలియని పిల్లాడి పాటే అంటాను. పిలుపు ఇవ్వని తిరుగుబాటు పాట కూడా ఉంటుందని మీ విద్యార్థులకు చెప్పండి.

కాజీపేట జంక్షన్:

సార్, ‘బండెనక బండి కట్టి’ పాట ఆ ‘మా భూమి’ నాటకంలోదేనా? గద్దర్ గొంతు వినిపిస్తే మా నాన్న ఇప్పటికీ కుర్చీలోంచి లేస్తారు.

జగిత్యాల తెలుగు సార్:

కాదు నాయనా. పేరు ఒకటే కావడంతో చాలామంది కలిపేస్తారు. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమాకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. బండి యాదగిరి రాసిన పాట పోరాటకాలంలోనే జనం నోట ఉంది. సినిమాలో గద్దర్ పాడారు. ఆ పాట నాటకంలో పుట్టలేదు, సినిమాలోనూ పుట్టలేదు. పొలం గట్టు మీద పుట్టి సినిమాలోకి వచ్చింది. రంగస్థలి గారి మూడో ప్రశ్నకు ఇది ఒక కొస. కొన్ని పాటలకు ముందు బతుకుంది, కథ తర్వాత వచ్చింది.

సితార, హనుమకొండ:

నేను పిల్లలకు బృందగానం నేర్పిస్తాను. కథలోంచి తీసేసినా పాట నిలబడుతుందా అన్న ప్రశ్న మీద నా పక్షం గట్టిగా చెబుతాను. నిలబడుతుంది, కానీ దాన్ని పాడేవాడు తన బతుకును పణంగా పెట్టాలి.

1927లో న్యూయార్క్‌లో ‘షో బోట్’ అనే పాటల నాటకం వచ్చింది. జెరోమ్ కెర్న్ సంగీతం, ఆస్కార్ హామర్‌స్టైన్ మాటలు. అందులో రేవులో మూటలు మోసే నల్లజాతి కూలీ మిసిసిపి నదిని చూస్తూ పాడే పాట ఒకటి ఉంది. మేము చాకిరీ చేస్తూ చస్తున్నాం, నది మాత్రం ఏమీ పట్టనట్టు సాగిపోతోంది అని దాని భావం. అలసట ఉంది, దుఃఖం ఉంది, తిరుగుబాటు లేదు. నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ 1928లో లండన్‌లో ఆ పాత్ర వేశాడు, 1936లో సినిమాలోనూ వేశాడు. తర్వాత కచేరీల్లో పాడేటప్పుడు చివరి పాదాలు మార్చేశాడు. బతకడానికి అలసిపోయాను, చావుకు భయపడుతున్నాను అన్నచోట, చచ్చేదాకా పోరాడుతూనే ఉంటాను అని పాడాడు. నాటకంలోని కూలీ ఆ మాట అనలేడు. అంటే అతని ఉద్యోగం పోతుంది, బహుశా ప్రాణం కూడా పోతుంది. వేదిక మీద రోబ్సన్ అన్నాడు. అతనికీ మూల్యం తప్పలేదు. 1950లో అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్టు లాక్కుంది, 1958 దాకా ఇవ్వలేదు. మధ్యలో 1957లో వేల్స్ గని కార్మికుల సభకు సముద్రం కింది టెలిఫోను తీగ మీదుగా పాడి పంపాడు.

ఆ పాట మన దేశానికీ వచ్చింది. న్యూయార్క్‌లో చదువుకుంటున్న అస్సాం గాయకుడు భూపేన్ హజారికా రోబ్సన్‌ను కలిశాడు, ఆ స్ఫూర్తితో అస్సామీలో నదిని నిలదీసే పాట కట్టాడు. ఒడ్డున ఇంతమంది ఏడుస్తుంటే నువ్వెందుకు పారుతున్నావు అని అడుగుతాడు. హిందీలో గంగ పేరుతో అది దేశమంతా తెలుసు. మిసిసిపి మౌనంగా పారింది. బ్రహ్మపుత్ర దగ్గరికి వచ్చేసరికి నది జవాబు చెప్పాల్సి వచ్చింది. నాటకం దాటాకే ఆ పాటలో తిరుగుబాటు మొదలైంది. కాబట్టి కథ లేకపోతే పాట చచ్చిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోను.

నిర్మల్ కొయ్య, నిర్మల్:

అందరూ పాటల గొప్పతనం చెబుతున్నారు. నాకు వేరే బాధ ఉంది, దాన్ని ఇక్కడ పెట్టాలి.

హాలులో కూర్చుని, తిరుగుబాటు పాట విని, ఒళ్లు పులకరించి, చప్పట్లు కొట్టి, ఇంటికి వెళ్లి పడుకునే ప్రేక్షకుడిలో కోపం మిగులుతుందా, కరిగిపోతుందా? కరిగిపోతుందనే నా అభిప్రాయం. 1928 ఆగస్టు 31న బెర్లిన్‌లో నాటకకర్త బ్రెష్ట్, స్వరకర్త కుర్ట్ వైల్ ‘మూడు పైసల సంగీత నాటకం’ వేశారు. దొంగలకూ దొరలకూ తేడా లేదని చెప్పడమే దాని పని. అందులో హోటల్లో గిన్నెలు తోమే జెన్నీ పాట ఉంది. నన్ను చీదరించుకునే మీరంతా చూస్తూ ఉండండి, ఒక రోజు ఓడ వస్తుంది, ఈ ఊరు నేలమట్టమవుతుంది, ఎవరిని చంపాలో నన్నే అడుగుతారు అంటుంది. ఇంత భయంకరమైన పాటను ఎవరు నెత్తిన పెట్టుకున్నారో తెలుసా? ఎవరిని ఉద్దేశించి రాశారో ఆ డబ్బున్నవాళ్లే. కూనిరాగాలు తీస్తూ ఇళ్లకు వెళ్లారు.

మన పద్య నాటకాల్లోనూ చూశాం కదా. రాగం బాగుంటే ‘వన్స్‌మోర్’ అంటారు. శ్రీకృష్ణుడు మళ్లీ మొదటినుంచి పాడతాడు, కథ నిలబడిపోతుంది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం సభలు దీనికి భిన్నం. అక్కడ పాట అయ్యాక జనం ఇంటికి కాదు, రాస్తారోకోకో బందుకో వెళ్లేవారు. పాట తర్వాత ఏం చేయాలో అందరికీ తెలుసు. మీ నాటకం తర్వాత ప్రేక్షకుడు ఏం చేయాలి రంగస్థలి గారూ? దీనికి జవాబు లేకుండా గొంతెత్తే పాట పెడితే పాపన్నకు అన్యాయం చేసినట్టే.

జగిత్యాల తెలుగు సార్:

నిర్మల్ సోదరుడి బాధ నిజమైనది. అయితే రెండు విషయాలు.

మొదటిది, ఆ బెర్లిన్ నాటకాన్ని 1933లో హిట్లర్ ప్రభుత్వం నిషేధించింది. కూనిరాగాలు తీసినవాళ్ల సంగతి ఎలా ఉన్నా, భయపడాల్సినవాడు భయపడ్డాడు.

రెండోది, పాట విని జనం హాలులోంచి నేరుగా వీధిలోకి వెళ్లిన రోజు కూడా ఉంది. 1830 ఆగస్టు 25న బ్రస్సెల్స్‌లో ఓబేర్ అనే స్వరకర్త సంగీత నాటకం ప్రదర్శించారు. 1647లో నేపుల్స్‌లో పన్నుల మీద తిరగబడ్డ మసానియెల్లో అనే జాలరి కథ అది. మాతృదేశ ప్రేమను పాడే జంట పాట దగ్గర హాలు దద్దరిల్లింది. జనం వీధుల్లోకి వెళ్లారు. బెల్జియం డచ్చి రాజు నుంచి విడిపోవడానికి దారితీసిన అల్లర్లు ఆ రాత్రే మొదలయ్యాయి. అదే నాటకం 1828 నుంచి పారిస్‌లో ఆడుతూనే ఉంది, అక్కడ ఆ పాటకు ఎవరూ లేవలేదు. బ్రస్సెల్స్‌లో అప్పటికే జనం మండిపోతున్నారు, పైగా డచ్చి రాజు పుట్టినరోజు వేడుకల కోసమే ఆ ప్రదర్శన పెట్టారు. కాబట్టి పాట తర్వాత ఏం చేయాలో నాటకకర్త చెప్పక్కర్లేదు. ప్రేక్షకుడు ఏ స్థితిలో వచ్చి కూర్చున్నాడన్నదే తేలుస్తుంది.

జాలరి మసానియెల్లోకు, గీతకార్మికుడు పాపన్నకు మధ్య అరవై ఏళ్ల తేడా. ఇద్దరూ పన్నులు, పెత్తనం మీద లేచినవాళ్లు. ఇద్దరినీ పాట దాచుకుంది. రంగస్థలి గారు ఈ పోలికను విద్యార్థులకు చెబితే పారిస్ అడ్డుగోడ కంటే ఇది దగ్గరగా అనిపిస్తుంది.

తోరణం, వరంగల్ (విద్యార్థిని):

సార్, అక్కా, నాదొక మాట. ఇంతసేపూ అందరూ గుంపు పాట గురించే మాట్లాడారు. ఒంటరి తిరుగుబాటు సంగతి ఏమిటి?

మా హాస్టల్లో ఆడపిల్లలు ఎక్కువగా పాడుకునేది ‘వికెడ్’ నాటకంలో మొదటి అంకం చివరి పాట. 2003లో వచ్చింది, స్టీఫెన్ ష్వార్ట్జ్ రాసి స్వరపరిచాడు. ఆకుపచ్చ చర్మంతో పుట్టి, అందరూ వెలివేసిన అమ్మాయి, రాజ్యమేలే మాంత్రికుడి మోసం తెలుసుకుని, ఇక మీ కొలతల్లో ఇమడను అని గాలిలోకి లేస్తుంది. జనం ఆమె వెనక లేరు. కింద నిలబడి ఆమెను పట్టుకోమని అరుస్తున్నారు. దాన్ని గుంపు పాట చేస్తే అర్థమే పోతుంది. ఇంకో సంగతి, అది నిజానికి ఇద్దరి పాట. స్నేహితురాలిని తనతో రమ్మంటుంది. ఆమె రాదు. రాననడం పిరికితనంలా చూపించరు, ఆమె కారణాలు ఆమెకున్నాయి. ఇద్దరూ ఒకరి క్షేమం ఒకరు కోరుకుంటూ విడిపోతారు. నన్ను ఏడిపించేది ఎగరడం కాదు, ఆ విడిపోవడం.

అందుకే సర్వమ్మ గురించి అడుగుతున్నాను. మీ నాటకంలో ఆమె వద్దని ఏడ్చే తల్లిగానే ఉంటుందా? కొడుకును ఆపడానికి ఆమెకు తన కారణాలు, తన పాట ఉండొద్దా? చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురుగా పాలకుర్తి పొలంలో నిలబడిన ప్రాంతం మనది. చిందు ఎల్లమ్మ గారు నిజామాబాద్ జిల్లా ఊళ్లలో చిందు భాగోతంలో ఆడ వేషాలే కాదు, మగ వేషాలూ కట్టి మెప్పించారు. మన దగ్గర ఆడగొంతు ఏడవడానికే పరిమితమని నేననుకోను.

డోలుదెబ్బ, జనగామ:

చెల్లీ, ఈ మాట చాలా అవసరం. సర్వమ్మకు పాట ఉండాలి. భర్త లేని ఇంట్లో బిడ్డను పెంచిన మనిషి ఆమె. దండు కడితే ఊరి మీద ఏం విరుచుకుపడుతుందో కొడుకు కంటే ఆమెకే బాగా తెలుసు. రెండు పాటలూ ఒకే దరువులో కట్టి, ఒకరి తర్వాత ఒకరు పాడితే ఎవరిది న్యాయమో ప్రేక్షకుడు తేల్చుకోలేక తల్లడిల్లాలి. వంత కూడా అక్కడ రెండుగా చీలిపోవచ్చు. సగం మంది తల్లి వైపు.

మానేరు గాలి, కరీంనగర్:

రెండుగా చీలడం అంటే గుర్తొచ్చింది. ఫ్రెంచి నాటకంలో మొదటి అంకం చివర ఇంకో పాట ఉంది, రేపటి రోజు గురించి. ప్రేమికులు, పోలీసు అధికారి, దొంగ దంపతులు, విద్యార్థులు, పరారీలో ఉన్న కథానాయకుడు ఎవరి వరుస వారు పాడుతూ ఒకదాని మీద ఒకటి అల్లుకుంటారు. చెవికి గొప్పగా ఉంటుంది, నేర్పడం కష్టం. మన పద్ధతి వేరు. వంతలంతా ఒకే వరుసను ఒకే శ్రుతిలో అంటారు. బలం దరువు నుంచి, గొంతుల సంఖ్య నుంచి వస్తుంది. సితార అక్కా, విద్యార్థులతో అల్లిక ప్రయత్నించాలా, మన పద్ధతిలోనే ఉండాలా?

సితార, హనుమకొండ:

తల్లీకొడుకుల ఘట్టంలో మాత్రమే రెండు వరుసలు అల్లితే చాలు, అదీ చివరి నాలుగు పాదాల్లో. మిగతా అంతా ఒకే వరుస. అల్లిక పాటను అనుభవం లేని గొంతులు పాడితే మాటలు వినబడవు. తిరుగుబాటు పాటలో ఒక్క మాట వినబడకపోయినా నష్టమే.

కాజీపేట జంక్షన్:

నేను న్యాయవాదిని కాబట్టి ఒక హెచ్చరిక. విదేశీ నాటకాల పాటలను మన నాటకంలో వాడాలంటే హక్కుదారుల అనుమతి తప్పనిసరి, మాటలు తెలుగు చేసినా సరే. సుద్దాల హనుమంతు గారి పాట వాడాలనుకున్నా అంతే. మన చట్టం ప్రకారం రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. ఆయన 1982లో మరణించారు కాబట్టి 2042 చివరి దాకా కుటుంబం అనుమతి తీసుకోవాలి. విద్యాసంస్థలో విద్యార్థులు, సిబ్బంది, వాళ్ల తల్లిదండ్రులు మాత్రమే చూసే ప్రదర్శనకు మినహాయింపు ఉంది. టికెట్టు పెట్టి ఊరివాళ్లను పిలిస్తే అది వర్తించదు. పాపన్న కథ తరతరాలుగా నోట వచ్చింది కాబట్టి కథకు ఇబ్బంది లేదు. కానీ ఫలానా కళాకారుడి గొంతు రికార్డు చేసి వాడుకుంటే ఆయన పేరు వేయడం, డబ్బు ఇవ్వడం మీ ధర్మం.

రంగస్థలి, హనుమకొండ:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా బృందంతో కూర్చుని ఇవన్నీ చదివాం. ఇప్పటికి తేలింది ఇది.

విదేశీ పాట వాడటం లేదు. మొదటి అంకం నడుమ పన్నుల ఘట్టంలో వంత పాట ఎత్తుకుంటుంది. పాపన్న ఆఖరి పాదానికి ముందు చేరతాడు. సర్వమ్మకు పాట రాస్తున్నాం, తోరణం గారు ఒప్పుకుంటే మొదటి చిత్తు వారికే పంపుతాం. ముగింపులో పాపన్న మరణం తర్వాత పెద్ద బృందగానం ఉండదు. శారదకథ పాడే ఒక్క గొంతు మొదటి అంకంలోని వరుసను మెల్లగా అందుకుంటుంది. నిర్మల్ అన్న అడిగినదానికి మా జవాబు ఏమిటంటే, పాట మొత్తం పూర్తి కానివ్వం. మొదటి అంకంలో ఆఖరి పాదం దగ్గర మొగలు సేనల నగారా వచ్చి కోసేస్తుంది, చప్పట్లకు చోటుండదు. చివర్లో ఆ మిగిలిన పాదాన్ని ప్రేక్షకుల మధ్య కూర్చున్న మా వంతలు పాడతారు. కాళోజీ కళాక్షేత్రం దొరికితే అక్కడ, లేకపోతే నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణంలో.

ఒక సందేహం. వంతలను ప్రేక్షకుల్లో కూర్చోబెడితే మైకులు ఉండవు. వినిపిస్తుందా?

సితార, హనుమకొండ:

వినిపిస్తుంది, భయపడకండి. 1937 జూన్ 16న న్యూయార్క్‌లో మార్క్ బ్లిట్జ్‌స్టైన్ రాసి స్వరపరిచిన ఉక్కు కార్మికుల పాటల నాటకానికి ప్రభుత్వం హాలు తాళం వేసింది. దర్శకుడు ఆర్సన్ వెల్స్ బృందం, ప్రేక్షకులు అందరూ నడుచుకుంటూ ఇంకో హాలుకు వెళ్లారు. నటులు వేదిక ఎక్కకూడదని వాళ్ల సంఘం ఆంక్ష పెట్టింది. స్వరకర్త ఒక్కడే వేదిక మీద పియానో ముందు కూర్చున్నాడు. నటులు ప్రేక్షకుల మధ్య తమ కుర్చీల్లోంచే లేచి, ఉన్నచోటే పాత్రలు పాడారు. మైకులు లేవు. మీరు చేయాల్సిందల్లా వంతలను హాలంతా చెదరగొట్టడం, ఒకేచోట కూర్చోబెట్టకపోవడం. ప్రతి ఆరేడు వరుసలకు ఒకరు. పక్కనున్న మనిషి గొంతు విప్పితే ప్రేక్షకుడు తలతిప్పి చూస్తాడు, వరుస ముందే విన్నాడు కాబట్టి కొందరు కలుస్తారు. శ్రుతి ఎక్కువ పెట్టకండి. ఆడవాళ్లూ మగవాళ్లూ శ్రమలేకుండా అందుకునే చోట పెట్టండి.

నిర్మల్ కొయ్య, నిర్మల్:

ఆఖరి పాదాన్ని ప్రేక్షకుల్లోకి తీసుకురావడం నాకు నచ్చింది. ప్రదర్శనకు వస్తాను, ఇద్దరు స్నేహితులను తీసుకుని.

డోలుదెబ్బ, జనగామ:

రంగస్థలి అన్నా, ఐనవోలు జాతర అయ్యేదాకా నాన్నవాళ్లకు తీరిక ఉండదు. తర్వాత ఆదివారం పిల్లలను మా ఇంటికి తీసుకురండి. వంత ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ కథకుడి మాట మీద పడాలో పెదనాన్న చూపిస్తారు. డోలు మాదే వాడుకోండి. పాట చిత్తు మాత్రం ముందుగా పంపండి, దరువు కట్టి ఉంచుతాం.